ఉప్పునీళ్ళ ఊళ్ళో ఒక మోకాలి తొడుగు: వాహక నూలుతో కేస్ స్టడీ

ఈ కేసులోని కుటుంబం అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. ఊరి పేరు, ఆసుపత్రి, గుర్తుపట్టడానికి వీలున్న కుటుంబ వివరాలు వదిలేశాను. నూలు, నీరు, చెమట, కొలతలకు సంబంధించిన విషయాలను మాత్రం జరిగినవి జరిగినట్టే ఉంచాను, ఎందుకంటే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి ఉపయోగపడేవి అవే.

నేపథ్యం

విద్యుత్తును పారనిచ్చే నూలుతో తొడుగులు, పట్టీలు, దుస్తులు తయారుచేయడం మా పని. గోదావరి పశ్చిమ డెల్టాలో నరసాపురానికి దగ్గరగా ఉండి ఈ పని చేయడానికి లేసు ఒక ముఖ్య కారణం. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన క్రోషా అల్లిక ఇక్కడి ఇళ్ళలో తరాలుగా సాగుతోంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సాగే సెన్సరు తయారుచేయాలంటే మిషను కుట్టు కన్నా చేతి అల్లిక చాలాసార్లు మేలు. దారం ఉచ్చులుగా ఉంటుంది కాబట్టి బట్ట సాగినప్పుడు ఉచ్చులు ఒకదానికొకటి నొక్కుకుంటాయి, వదిలినప్పుడు విడతాయి, ఆ తేడానే మనం విద్యుత్ నిరోధంలో తేడాగా కొలవగలం.

ఈ కేసులోని వ్యక్తి అరవై దాటిన గృహిణి. ఒక మోకాలికి మార్పిడి శస్త్రచికిత్స అయింది. ఫిజియోథెరపిస్టు వారానికి ఒకసారి పట్నం నుంచి వచ్చి, గోనియోమీటరుతో మోకాలి వంపు కొలిచి, ఇంట్లో చేయాల్సిన వ్యాయామాలు చెప్పి వెళ్ళేవారు. మధ్యలోని రోజుల్లో ఆమె ఎంత చేస్తున్నారో, ఎప్పుడు చేస్తున్నారో ఆయనకు తెలిసే మార్గం లేదు. అడిగితే ఆమె "చేస్తూనే ఉన్నానండి" అనేవారు. అది నిజమే, కానీ ఆ మాటను బట్టి చికిత్సలో ఏదీ మార్చడానికి కుదరదు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

నగరంలో ఉండే బంధువు ఒకరు ఆమె కోసం అప్పటికే ఒక సెన్సరు తొడుగు చేయించి పంపారు. సాగే బట్ట మీద వెండి పూత ఉన్న నైలాన్ దారాన్ని వంకరటింకర కుట్టుగా మిషను మీద కుట్టి, చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు కలిపి, మోకాలి వంపును డిగ్రీల్లో ఫోనులో చూపించేలా అమర్చారు. మొదట్లో అది బాగానే పనిచేసింది. వేసవి ముదిరేసరికి అంకెలు ఎగిరెగిరి పడటం మొదలై, చివరికి ఏమీ చూపించడం మానేసింది. చేసినవారు బోర్డు పోయిందనుకుని కొత్తది పంపారు. దానితోనూ అదే జరిగింది. ఆ దశలో కోడలు దాన్ని పట్టుకుని మా దగ్గరికి వచ్చారు.

బోర్డును పక్కన పెట్టి ముందు దారాన్నే చూశాం. తొడుగు పైఅంచులో మడత లోపల ఉండిపోయిన దారం ఇంకా వెండి రంగులోనే ఉంది, మల్టీమీటరులో కొన్ని పదుల ఓమ్‌ల నిరోధమే చూపించింది. మోకాలి దగ్గర అదే దారం గోధుమరంగు దాటి నల్లబడింది. అక్కడ అంతే పొడవుకు నిరోధం కిలో ఓమ్‌లలోకి వెళ్ళింది, ఒక చోట విద్యుత్తు దారి పూర్తిగా తెగింది. భూతద్దం కింద చూస్తే అక్కడ దారం మాత్రం తెగలేదు. దాని మీది వెండి మాత్రమే పోయి, లోపలి నైలాన్ బయటపడింది. కంటికి కుట్టు చెక్కుచెదరకుండా కనిపిస్తూనే విద్యుత్తు ఆగిపోయే ఈ స్థితి వెండి పూత దారాల్లో తరచూ ఎదురవుతుంది. బోర్డు మార్చి చూడటం సహజమే గానీ, ముందు మీటరు పట్టాల్సింది దారానికి.

వేసవిలోనే ఎందుకు పోయిందన్నది తర్వాతి ప్రశ్న. తొడుగు ఎలా ఉతుకుతున్నారో కోడలిని అడిగి, ఇంటికి వెళ్ళి చూశాం. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్ళు ఉన్నంతకాలం ఆ ఇంట్లో బట్టలు ఆ నీళ్ళతోనే ఉతికేవారు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. చెరువు నీళ్ళను తాగడానికి దాచుకుని, ఉతకడానికి బోరు మీద ఆధారపడతారు. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో ఆ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. పైగా తెల్ల దుప్పట్ల కోసం బ్లీచింగ్ కలిపిన బకెట్‌లోనే తొడుగునూ నానబెట్టేవారు. వేసవి కాబట్టి చెమట ఎక్కువ, అందువల్ల రోజూ ఉతికేవారు. అంటే ఉప్పు, బ్లీచింగ్, చెమట, రుద్దడం ఒకే కాలంలో కలిసొచ్చాయి.

వీటిలో అసలు దోషి ఏదో తేల్చకుండా ముందుకు వెళ్ళడం మాకు సరైనదనిపించలేదు, ఎందుకంటే ఒక్కో కారణానికి మందు వేరు. అదే రకం వెండి దారాన్ని ముక్కలు చేసి, కాలువ నీళ్ళలో ఒకటి, బోరు నీళ్ళలో ఒకటి, బ్లీచింగ్ కలిపిన బోరు నీళ్ళలో ఒకటి నానబెట్టాం. మరొక ముక్కను బోరు నీళ్ళలో బట్టల సబ్బుతో బండ మీద రుద్దాం. బ్లీచింగ్‌లో ఉన్న ముక్క అన్నిటికన్నా ముందు పాడైంది. రుద్దిన ముక్కలో నిరోధం మెల్లగా, కానీ ఆగకుండా పెరిగింది. ఉప్పునీళ్ళలో కేవలం నానిన ముక్క రంగు మారింది గానీ చాలాకాలం పనిచేసింది. బ్లీచింగ్‌లోని హైపోక్లోరైట్, చెమటలోని క్లోరైడ్, గాలిలోని గంధక సమ్మేళనాలు అన్నీ వెండికి పడనివే అయినా, ఈ ఇంట్లో తొడుగును ముందుగా చంపింది ఆ దుప్పట్ల బకెట్.

బ్లీచింగ్ మానమని చెప్పి పాత తొడుగునే మరమ్మతు చేసి ఇవ్వవచ్చు. అలా చేయలేదు. ఇంట్లో బట్టలుతికే మనిషి మారవచ్చు, ఎవరో ఒకరు ఏదో ఒక రోజు మరచిపోవచ్చు. ఒక్క పొరపాటుకు పాడైపోయే తొడుగును రోగి ఇంటికి పంపడం నాకు ఇష్టం లేదు. అందుకని ఆ ఇంటి నీళ్ళకు, ఆ ఇంటి ఉతుకుకు తట్టుకునే నూలు వెతకాలని నిర్ణయించుకున్నాం.

ప్రయత్నించి వదిలేసినవి

మొదట వెండి దారం మీదే రక్షణ పూత వేసి చూశాం. సిలికాన్ పూత సాదా గీతల మీద బాగానే నిలిచింది. మోకాలి చిప్ప దగ్గర, ప్రతి అడుగుకూ మడతపడే చోట, పూతలో సన్నని పగుళ్ళు వచ్చాయి. తడి ఆ పగుళ్ళలోంచి దిగి, ఆరడానికి దారి లేక అక్కడే నిలిచిపోయింది. పూత లేని దారం అంతటా సమానంగా పాడైతే, పూత ఉన్న దారం ఒకే చోట త్వరగా పాడైంది. పైగా పూత ఉన్న మేర బట్ట సాగడం తగ్గింది.

తర్వాత 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు పోగులతో చేసిన దారం వాడాం. మాలిబ్డినం ఉన్నందువల్ల ఈ రకం స్టీలు ఉప్పుకు బాగా తట్టుకుంటుంది, లోపలా బయటా ఒకటే లోహం కాబట్టి రుద్దినా పోయే పూత లేదు. బోరు నీళ్ళు, సబ్బు, చివరికి బ్లీచింగ్ బకెట్ కూడా మా పరీక్షల్లో దాన్ని పెద్దగా మార్చలేదు. అయితే వంకరటింకర కుట్టులో ఈ దారం సాగినప్పుడు వంకర విప్పుకుంటుందే తప్ప నిరోధంలో గుర్తించదగ్గ తేడా రాదు. మన్నిక దొరికింది, కొలత పోయింది. ఈ దారాన్ని సెన్సరుగా వదిలేసి, సెన్సరు నుంచి బోర్డుకు వెళ్ళే తీగలుగా ఉంచుకున్నాం. వెండితో పోలిస్తే స్టీలు లోహపు నిరోధకత 40 రెట్లకు పైనే, కానీ కొన్ని అంగుళాల తీగలో వచ్చే ఆ కొద్ది ఓమ్‌లు కిలో ఓమ్‌లలో కొలిచే సెన్సరు పక్కన లెక్కలోకి రావు. దీన్ని మామూలు సీసంతో అతికించలేమనీ, కొస తెగిన చోట పోగులు విచ్చుకుని పక్క తీగను తాకుతాయనీ మాత్రం గుర్తుంచుకోవాలి. ప్రతి కొసనూ మడిచి, దాని మీద మామూలు దారంతో బిగించి కుట్టాం.

ఈ దశలో, చేనేత కుటుంబం నుంచి వచ్చిన కోడలు "జరీ పనికిరాదాండి?" అని అడిగారు. అది అర్థవంతమైన ప్రశ్న. అసలు జరీలో పట్టుదారం చుట్టూ వెండి రేకు, దాని మీద బంగారు పూత ఉంటాయి. 1990ల చివర్లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో వాహక వస్త్రాలతో తొలి ప్రయోగాలు చేసినవారు కూడా రాగి రేకు చుట్టిన పట్టుదారంతో నేసిన ఆర్గంజా అనే పలుచని బట్టనే వాడారు. ఆమె తెచ్చిన కొత్త చీర అంచు మీద మీటరు పుల్లలు పెడితే ఏమీ చూపలేదు; ఈనాటి చవక జరీ పాలియెస్టరు పొర మీద లోహపు పూత, దాని మీద వార్నిషు లాంటి పొర. అదే పుల్లలను వాళ్ళ అత్తగారి పెళ్ళినాటి పట్టుచీర అంచుకు ఆనించగానే మీటరు బీప్ అంది. అయినా జరీ సాగదు, మళ్ళీ వెండే కాబట్టి పాత సమస్యే తిరిగి వస్తుంది. ఆ దారి అక్కడితో ఆపేశాం.

పనిచేసినది

చివరికి వాడినది పాలియెస్టరులో 20 శాతం స్టీలు పొట్టి పోగులు కలిపి వడికిన నూలు. ఇందులో స్టీలు పోగులు ఒకదానికొకటి అక్కడక్కడే తాకుతూ ఉంటాయి. దీన్ని క్రోషాతో అల్లితే నూలు లోపలి పోగుల మధ్య, ఉచ్చుకూ ఉచ్చుకూ మధ్య కూడా తాకిడి మారుతుంది. పట్టీ సాగినప్పుడు నొక్కుడు పెరిగి నిరోధం బాగా తగ్గుతుంది.

అల్లిక పని మా దగ్గర పనిచేసే లేసు నిపుణురాలు ఒకరు చేశారు. మొదటి పట్టీని ఆవిడ ఎగుమతి లేసుకు అలవాటైన బిగువుతో అల్లారు. చూడటానికి ముచ్చటగా ఉంది గానీ సెన్సరుగా మొద్దు, ఎందుకంటే ఉచ్చులన్నీ ముందే గట్టిగా తాకి ఉన్నాయి, సాగినా కొత్తగా తాకడానికి ఏమీ మిగల్లేదు. వదులుగా అల్లమంటే, సాగిన తర్వాత అది తిరిగి ముడుచుకోలేదు. ఆవిడ కాసేపు దాన్ని వేళ్ళ మధ్య లాగి చూసి, "నూలు తిరిగి రాదండి, తెచ్చేది ఇంకేదైనా ఉండాలి" అని, సన్నని ఎలాస్టిక్ దారాన్ని వాహక నూలుతో జతచేసి ఒకే సూదితో వదులుగా అల్లుకుంటూ వచ్చారు. ఎలాస్టిక్ లాగినప్పుడు ఎంత పొడవుకు లాగాలో, ఏ వరసలో ఎంత వదలాలో ఆవిడ చేతికి తెలుసు. ఆ అంచనాను నేను ఏ పట్టికలోనూ రాసి ఇవ్వలేను. అలా వచ్చిన పట్టీ కాలు చాచినప్పుడు సుమారు 16 కిలో ఓమ్‌లు, కుర్చీలో కూర్చునేలా వంచినప్పుడు సుమారు 4 కిలో ఓమ్‌లు చూపింది. ఓల్టేజిని పంచే సర్క్యూట్‌లో సెన్సరుకు జతగా పెట్టే స్థిర నిరోధం ఈ రెండింటి గుణకారానికి వర్గమూలం దగ్గర ఉంటే కొలతకు ఎక్కువ మేర దొరుకుతుంది కాబట్టి, బజారులో దొరికే 8.2 కిలో ఓమ్‌లు పెట్టాం.

ఈ అంకెలు ఇంత తక్కువగా ఉండటానికి చెమటే కారణం. అంతకుముందు అల్లిన సన్నని పట్టీ వంద కిలో ఓమ్‌లకు పైగా ఉండేది. ఉదయం అది చక్కగా పనిచేసి, మధ్యాహ్నం ఉక్కపోతలో కాలు చాచి ఉన్నా వంచినట్టు చూపేది. తడిసిన బట్ట కూడా ఒక వాహకమే. అది సెన్సరుకు సమాంతరంగా చేరి మొత్తం నిరోధాన్ని తగ్గిస్తుంది, సెన్సరు నిరోధం ఎంత ఎక్కువైతే చెమట వాటా అంత ఎక్కువవుతుంది. చెమటను ఆపే ప్రయత్నం కన్నా, చెమట పోటీకి రాలేనంతగా సెన్సరు నిరోధాన్ని దించడం సులువు. పట్టీని వెడల్పు చేసి, మరిన్ని వరసలు అల్లి, చర్మానికీ దానికీ మధ్య పలుచని కాటన్ అస్తరు వేశాం. రెండు తీగలనూ పక్కపక్కన కాకుండా కాలికి చెరో వైపు నుంచి తీసుకెళ్ళాం. ఫ్యాను, లైట్ల తీగల నుంచి వచ్చే 50 హెర్ట్‌జ్ విద్యుత్ రొద కొలతలో కలవకుండా, ప్రతి కొలతనూ 20 మిల్లీసెకన్ల మేర సగటు తీశాం. రొద ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే కాలం అదే.

పట్టీని ఎక్కడ పెట్టాలన్నది సర్జన్, ఫిజియోథెరపిస్టులతో మాట్లాడాకే నిర్ణయించాం. ఎక్కువగా సాగేది మోకాలి నడిముందు భాగం. శస్త్రచికిత్స మచ్చ ఉండేదీ అక్కడే. గాయం పూర్తిగా మానిందని సర్జన్ చెప్పాకే తొడుగు వేశాం. అప్పుడు కూడా పట్టీని మచ్చకు బయటి పక్కగా, చిప్ప అంచు మీదుగా వెళ్ళేలా కుట్టాం. దీనివల్ల కొలతలో కొంత మేర పోయింది, కానీ మచ్చ మీద రాపిడి పెట్టి తెచ్చుకునే కొలత మాకు అక్కర్లేదు. తొడుగు బిగువు కూడా అంతే. బిగువుగా ఉంటే సెన్సరు బాగా చెబుతుంది, కాలిలో రక్తప్రసరణకు మంచిది కాదు. రెండు వేళ్ళు సులువుగా దూరాలని నియమం పెట్టుకున్నాం. బ్యాటరీగా లిథియం సెల్ వద్దనుకుని, రెండు సన్న పెన్సిల్ సెల్స్‌ను తొడ మీది జేబులో పెట్టాం. చెమటలో, పెద్దవారి ఒంటి మీద, నలిగే చోట లిథియం సెల్ పెట్టడానికి బలమైన కారణం ఉండాలి, ఇక్కడ లేదు.

బోర్డును తొడుగుకు శాశ్వతంగా కుట్టలేదు. 2007లో లియా బ్యూక్లీ రూపొందించిన లిలీప్యాడ్ (బట్టకు కుట్టుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) మార్కెట్‌లోకి వచ్చినప్పటి నుంచి బోర్డు రేకులకు దారం కుట్టే పద్ధతి ప్రచారంలో ఉంది, నేర్చుకోవడానికి అది చాలా మంచిది. రోజూ ఉతికే తొడుగులో మాత్రం టిచ్ బటన్లే నయం. బోర్డు ఊడదీసి పక్కన పెట్టి, బట్టను నిశ్చింతగా ఉతకవచ్చు. స్టీలు దారం, ఇత్తడి బటను కలిసిన చోట చెమట చేరితే ఇత్తడి తినుకుపోతుంది కాబట్టి బటన్లను చర్మానికి దూరంగా, తొడుగు బయటి వైపు, జేబు నీడలో పెట్టాం.

డిగ్రీలు తీసేయడం

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించిన నిర్ణయం ఇది. పాత తొడుగు ఫోనులో డిగ్రీలు చూపేది. కొత్తదీ అలాగే చూపాలని కుటుంబం కోరింది. అల్లిన పట్టీ వంచేటప్పుడు ఒక దారిలో, చాచేటప్పుడు మరో దారిలో నడుస్తుంది. కాలు ఒకే వంపులో ఉన్నా, ఎటునుంచి వచ్చిందన్నదాన్ని బట్టి నిరోధం మారుతుంది. తొడుగు రోజూ ఒకే చోట కూర్చోదు. కొత్తగా వేసుకున్నప్పుడు మొదటి కొన్ని వంపులు ఒకలా, బట్ట సర్దుకున్నాక మరొకలా ఉంటాయి. ఇన్ని మార్పుల మీద "87 డిగ్రీలు" అని చూపడం, నూలు చెప్పని మాటను దాని నోట పెట్టడమే.

కొలత సంగతి అలా ఉంచితే, మనిషి సంగతి ఇంకా ముఖ్యం. పాత తొడుగు పనిచేసిన రోజుల్లో ఆమె ఫోనులో 90 కనిపించేదాకా నొప్పిని పట్టుకుని మోకాలిని బలవంతంగా వంచేవారని, సాయంత్రానికి వాచేదని కోడలు చెప్పారు. ఆ అంకె నిజం కాకపోయే అవకాశం ఎంతో ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఫిజియోథెరపిస్టును అడిగితే, డిగ్రీలు తాను వారానికోసారి సరిగ్గా కొలుచుకోగలననీ, తనకు తెలియనిది ఎన్నిసార్లు, ఏయే వేళల్లో చేస్తున్నారన్నదేననీ అన్నారు. ఆ మాటతో దారి తేలిపోయింది.

అందువల్ల కొత్త తొడుగు వంపులను లెక్కిస్తుంది, వేళను గుర్తుంచుకుంటుంది, ఇంకేమీ చెప్పదు. తొడుక్కున్నాక ముందు పది సార్లు మెల్లగా వంచి చాచాలి. ఆ పదింటినీ లెక్కలోకి తీసుకోదు. తర్వాత మంచం మీద కాలు చాచి ఒకసారి, కుర్చీ అంచున కూర్చుని ఒకసారి బటను నొక్కాలి. ఆ రోజుకు అవే రెండు హద్దులు. ఆ మేరలో 60 శాతం దాటితే వంచినట్టు, తిరిగి 40 శాతం కిందికి దిగితే చాచినట్టు తీసుకుంటుంది. రెండు గుర్తుల మధ్య ఖాళీ ఉండటం వల్ల నూలు దారి మార్చుకున్నా, కాలు కొద్దిగా వణికినా ఒకే వంపును రెండుగా లెక్కపెట్టదు. లెక్క పడినప్పుడు జేబు మీద చిన్న దీపం వెలుగుతుంది. ఫోనులో ఆమెకు కనిపించేది ఆ రోజు లెక్క మాత్రమే.

మొదటి వారం లెక్కల్లోనే ఫిజియోథెరపిస్టుకు కావలసింది కనిపించింది. ఆమె చెప్పిన వ్యాయామాలన్నీ చేస్తున్నారు, కానీ ఇంటిపని మొదలవకముందే తెల్లవారుజామున ఒకే విడతలో పూర్తిచేసి, పగలంతా కాలు చాచుకుని కూర్చుంటున్నారు. మోకాలు మధ్యాహ్నానికి బిగుసుకుపోవడానికి ఇది కారణమై ఉండవచ్చని ఆయన భావించి, అదే మొత్తాన్ని రోజులో మూడు చోట్లకు విడగొట్టారు. తర్వాతి వారాల్లో గోనియోమీటరు కొలతలు మెరుగయ్యాయి. ఆ మెరుగుదలలో తొడుగు వాటా ఎంత, గడుస్తున్న కాలం వాటా ఎంత అన్నది ఒక్క కేసుతో విడదీయలేం. ఆమె మాత్రం వాపు తగ్గిందని, దీపం వెలగడం చూస్తూ చేయడం బాగుందని చెప్పారు.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఏ తొడుగు ఒప్పుకునే ముందైనా ఉతికే నీళ్ళ గురించి మొదట అడుగుతున్నాం: కాలువలు కట్టేశాక ఏ నీళ్ళు వాడతారు, బ్లీచింగ్ ఏ బకెట్‌లో కలుపుతారు, ఉతికేది ఎవరు. నూలు ఎంపిక ఆ జవాబులను బట్టే జరుగుతుంది. తొడుగు లోపల ఉపయోగించని పొడవు దారం ఒకటి అంచు మడతలో వదులుతున్నాం, మరమ్మతుకు వచ్చినప్పుడు పాడైన దారాన్ని కొత్త దారంతో పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. బోరు నీళ్ళతో ఉతికినా, చివరి జాడింపు ఒక మగ్గు మంచినీళ్ళతో చేయమని చెబుతున్నాం. ఆరినప్పుడు బట్టలో మిగిలే ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, మర్నాడు అది చెమటతో కలుస్తుంది. ఇళ్ళలో తాగడానికి తెచ్చుకునే టిన్నులోంచి ఒక మగ్గు ఎవరూ కాదనరు. పట్టీని పట్టుకుని వేలాడదీయకుండా, నీడలో పరిచి ఆరబెట్టమంటున్నాం.

బటన్ల దగ్గర సమస్య పూర్తిగా తీరలేదు. జేబు నీడలో ఉన్నా వానాకాలంలో ఇత్తడి మీద పచ్చని చిలుము పట్టింది, అప్పుడప్పుడు లెక్క తప్పింది. బటన్లు మార్చాక సర్దుకుంది. ఇప్పుడు తొడుగుతో పాటు అదనపు బటన్ల జత ఇస్తూ, పచ్చదనం కనిపించగానే మార్చుకోవడం కోడలికి నేర్పాం. స్టెయిన్‌లెస్ స్టీలు టిచ్ బటన్లతో మరో జేబు కుట్టి, అదే ఇంట్లో, అదే నీళ్ళతో ఉతికించి చూస్తున్నాం.